అతికించడం వేరు, నేలకు కట్టడం వేరు: పైనుంచి తీసిన ఫోటోలను మ్యాప్‌గా మార్చడానికి ఏ టూల్ మంచిది?

మాది కోనసీమలో ఏటిగట్టు పక్కనున్న చిన్న ఊరు. ఎవరైనా గీసి నింపగలిగే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చూస్తే ఒక రోడ్డు గీత, దాని పక్కన ఊరి పేరు, అంతే. పెళ్లి వీడియోలు తీసే కుర్రాడొకడు తన డ్రోన్‌తో ఊరంతా ఫోటోలు తీసిస్తానన్నాడు. తీశాడు కూడా. 64 ఫోటోలు ఫోన్లో చాటింగ్ యాప్ ద్వారా పంపాడు. మూడు రాత్రులు మూడు సాఫ్ట్‌వేర్లతో కుస్తీ పట్టాను. ఒకదాంట్లో ఊరు గుండ్రంగా వంగింది, ఒకదాంట్లో రెండు రామాలయాలు కనిపించాయి, ఇంకోటి మధ్యలోనే ఆగిపోయింది.

చివరికి చూస్తే పెద్ద తప్పు సాఫ్ట్‌వేర్లది కాదు. యాప్‌లో పంపేటప్పుడు ఫోటోల సైజు కుంచించుకుపోయింది, లోపల దాగి ఉండే జీపీఎస్ వివరాలు మొత్తం ఊడిపోయాయి. తర్వాత మళ్లీ తీయించిన ఫోటోలను పెన్‌డ్రైవ్‌లో అసలు ఫైళ్లుగా తెచ్చుకుంటే పని ఒక్క సాయంత్రంలో అయిపోయింది. కాబట్టి ఏ టూల్ అని అడిగే ముందు మీ చేతిలో ఉన్నవి కెమెరా మెమరీ కార్డు నుంచి వచ్చిన అసలు ఫైళ్లేనా అని చూసుకోండి. ఈ ఒక్క ప్రశ్న అడక్కుండా నేను మూడు రాత్రులు పోగొట్టుకున్నాను.

ఇవి రెండు పనులు

అతికించడం అంటే పక్కపక్క ఫోటోల్లో ఒకేలా కనిపించే చోట్లు పట్టుకుని అన్నిటినీ ఒక పెద్ద బొమ్మగా చేయడం. జియోరెఫరెన్సింగ్ అంటే ఆ బొమ్మను నేలకు కట్టడం, అంటే బొమ్మలో ఏ చుక్క భూమ్మీద ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర ఉందో చెప్పడం. కొన్ని టూల్స్ మొదటి పని మాత్రమే చేస్తాయి, కొన్ని రెండోది మాత్రమే, ఒకటి రెండు మాత్రం రెండూ కలిపి చేస్తాయి. చాలామంది తడబడేది ఇక్కడే.

అతుకు కనపడకుండా ముచ్చటగా వచ్చిన బొమ్మ అసలు చోటు నుంచి ఇరవై మీటర్లు పక్కకు జరిగి ఉండొచ్చు. గతుకులు గతుకులుగా ఉన్న బొమ్మ సరిగ్గా తన చోట్లోనే కూర్చుని ఉండొచ్చు. గోడకు తగిలించుకునేవాళ్లకు మొదటిది నచ్చుతుంది. మ్యాప్ గీసేవాళ్లకు రెండోదే పనికొస్తుంది.

ఒకటి రెండు ఫోటోలే ఉంటే

వంద మీటర్ల ఎత్తు నుంచి మామూలు చిన్న డ్రోన్ ఒక్క ఫోటోలో దాదాపు 145 మీటర్ల వెడల్పు పట్టేస్తుంది. ఫోటో వెడల్పు 4000 పిక్సెళ్లు అయితే ఒక్కో పిక్సెల్ నేల మీద మూడున్నర సెంటీమీటర్లకు కాస్త పైన. ఊరి బడి, బస్టాండు, సంత, ఒక గుడి ప్రాంగణం లాంటివి గీయాలంటే నిట్టనిలువుగా తీసిన ఒక్క ఫోటో చాలు. దానికోసం అతికించే సాఫ్ట్‌వేర్ జోలికే వెళ్లకండి.

ఇక్కడ పోటీ మూడింటి మధ్య. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ గీయడానికి వాడే జోసమ్ ఎడిటర్‌లో పిక్‌లేయర్ అనే ప్లగిన్, అంటే అదనంగా తగిలించుకునే భాగం, ఉంది. ఫోటోను మ్యాప్ కింద పరిచి, లాగి, తిప్పి, మూడు గుర్తులు కలిపి సరిపెడతారు. ఇల్లు గీసి వచ్చేయడానికి అంతకంటే తేలిక దారి లేదు. రేపు ఆ ఫోటోను ఇంకొకరికి ఇవ్వాలంటే మాత్రం క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లోని జియోరెఫరెన్సర్ మంచిది. ఫోటోలో ఒక చోటు, మ్యాప్‌లో అదే చోటు నొక్కుతూ పోతే, చివర్లో ఎక్కడైనా తెరుచుకునే జియోటిఫ్ ఫైలు, అంటే తన చోటు తనలోనే రాసుకున్న బొమ్మ, ఇస్తుంది. గుర్తులు నొక్కే ఓపిక లేనివాళ్లకు అదే క్యూజీఐఎస్‌లో ఫ్రీహ్యాండ్ రాస్టర్ జియోరెఫరెన్సర్ ప్లగిన్ కూడా ఉంది, చేత్తో లాగి అమర్చడమే.

చేత్తో లాగి అమర్చే ఈ పద్ధతిని తక్కువ చేయకండి. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ చమురు ప్రమాదం జరిగినప్పుడు అమెరికాలోని లూసియానా తీరం జనం బెలూన్లకు, గాలిపటాలకు మామూలు కెమెరాలు కట్టి పైకి పంపారు. తీరం మీద చమురు ఎక్కడిదాకా వచ్చిందో వాళ్లే ఫోటోలు తీసుకున్నారు. ఆ ప్రయత్నంలోంచే పబ్లిక్ ల్యాబ్ అనే సంస్థ, దాని మ్యాప్‌నిట్టర్ అనే టూల్ పుట్టాయి. బ్రౌజర్‌లో మ్యాప్ మీద ఫోటో పెట్టి నాలుగు మూలలూ లాగి సరిపెట్టడమే మ్యాప్‌నిట్టర్ చేసిన పని. ఫోటోల్లో జీపీఎస్ లేకపోయినా, వంకరగా పడినా, ఊరి మనిషికి ఏ గట్టు ఎక్కడుందో తెలుసు కాబట్టి పని జరిగిపోతుంది. ఇరవై ముప్పై ఫోటోల దాకా ఇది నిజంగానే పనికొచ్చే దారి. అది దాటితే చేతులు పడిపోతాయి.

పనోరమా సాఫ్ట్‌వేర్: చూపులకు బాగుంటుంది, మ్యాపుకు కాదు

హ్యూగిన్ ఉచితం, ఓపెన్ సోర్స్, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ ఇమేజ్ కాంపోజిట్ ఎడిటర్‌ను ఇంకా పట్టుకుని వేలాడేవాళ్లున్నారు, దాన్ని ఆ కంపెనీయే ఎప్పుడో ఆపేసింది. ఈ రకం టూల్స్ అన్నిటిలో చిక్కు ఒకటే. అవి పుట్టింది ఒకచోట నిలబడి తల తిప్పుతూ తీసిన ఫోటోల కోసం. డ్రోన్ తల తిప్పదు, చోటు మారుతుంది. హ్యూగిన్‌లో చోటు మార్పును లెక్కలోకి తీసుకునే మొజాయిక్ పద్ధతి ఉంది కానీ, అది కూడా నేల బల్లపరుపుగా ఉందనే నమ్ముకుంటుంది.

మా ఊరు డెల్టాలో ఉంది, నేల బల్లపరుపే కదా అనుకున్నాను. కొబ్బరి చెట్ల సంగతి మరిచిపోయాను. డ్రోన్ వంద మీటర్ల ఎత్తున ఉంటే, దాని కింది చోటు నుంచి యాభై మీటర్ల దూరంలో ఉన్న పదిహేను మీటర్ల కొబ్బరిచెట్టు తల, ఫోటోలో మొదలు ఉన్న చోటికి దాదాపు తొమ్మిది మీటర్ల అవతల పడుతుంది. పక్క ఫోటోలో అదే చెట్టు ఇంకో వైపు వాలుతుంది. ఈ రెండిటినీ అతికించమంటే సాఫ్ట్‌వేర్ కొబ్బరి మట్టలను కలుపుతుందా, వాటి కింద ఉన్న ఇంటి పెంకులను కలుపుతుందా? ఏది కలిపినా రెండోది చెదురుతుంది. రెండు రామాలయాలు వచ్చింది అలాగే.

కాబట్టి నా మాట ఇది: ఉప్పు మడులు, ఇసుక దిబ్బలు, కోత అయిపోయిన పొలాలు అయితే హ్యూగిన్ వాడొచ్చు. ఇళ్లు, చెట్లు, గట్లు, గుట్టలు ఉన్నచోట వద్దు. ఊరి పండగకు పెద్ద ఫ్లెక్సీ వేయించడానికైతే నిరభ్యంతరంగా వాడండి.

ఓపెన్‌డ్రోన్‌మ్యాప్: బరువైనదే, అయినా నా ఓటు దీనికే

ఓపెన్‌డ్రోన్‌మ్యాప్, దానికి బ్రౌజర్ ముఖం తొడిగిన వెబ్‌ఓడీఎమ్ చేసే పని వేరు. ఇవి ఫోటోలను నేరుగా అతికించవు. ఒకే చోటు మూడు నాలుగు ఫోటోల్లో ఎక్కడెక్కడ కనిపించిందో చూసి, ప్రతి ఫోటో తీసినప్పుడు కెమెరా ఎక్కడుందో లెక్కగడతాయి. దాన్నిబట్టి నేల ఎత్తుపల్లాలను లక్షల చుక్కలుగా కడతాయి, ఆ ఆకారం మీద ఫోటోలను పరిచి నిట్టనిలువుగా చూసిన బొమ్మ తయారుచేస్తాయి. దాన్నే ఆర్థోఫోటో అంటారు. వాలిన చెట్టు నిలబడుతుంది, గోడ గోడ ఉన్నచోటే ఉంటుంది. ఫోటోల్లో జీపీఎస్ ఉంటే నేలకు కట్టే పని కూడా అదే చేసిపెడుతుంది.

ఇది అడిగే మూల్యం మెమరీ. దాని డాక్యుమెంటేషన్ ప్రకారం 40 ఫోటోలకు 4 జీబీ ర్యామ్, 250 ఫోటోలకు 16 జీబీ, 500కు 32 జీబీ కావాలి. ఇంట్లో మామూలు 8 జీబీ ల్యాప్‌టాప్ ఉంటే వంద ఫోటోల లోపే సరిపెట్టుకోండి. అంతకంటే ఎక్కువైతే ఫోటోల సైజు తగ్గించుకునే ఆప్షన్, త్వరగా ఆర్థోఫోటో మాత్రమే ఇచ్చే ఆప్షన్, పెద్ద పనిని ముక్కలుగా చేసి మళ్లీ కలిపే ఆప్షన్ ఉన్నాయి. డాకర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ సాయంతో ఇన్‌స్టాల్ చేయడం మొదటిసారి కాస్త టెన్షన్ పెడుతుంది, ఒకసారి ఎక్కితే ఇక దాని ఊసే ఉండదు.

రెండో షరతు ఓవర్‌ల్యాప్. డ్రోన్ వెళ్లే దారిలో ఒక ఫోటోకూ తర్వాతి ఫోటోకూ 75 నుంచి 80 శాతం, పక్క వరుసతో 65 నుంచి 70 శాతం ఒకే నేల కనపడాలి. పెళ్లి వీడియోల కుర్రాడు మొదటిసారి తీసినవి ముప్పై నలభై శాతమైనా లేవు. రెండోసారి బతిమాలి, వరుసలు కట్టించి తీయించాను.

అయినా ఓడిపోయే చోట్లు ఉన్నాయి. గోదావరి నీళ్ల మీద పట్టుకోవడానికి ఏ గుర్తూ ఉండదు కాబట్టి ఏటి మధ్య ఖాళీ వస్తుంది, చెరువు మధ్యలో చిల్లు పడుతుంది. గట్టు గీసుకోవడానికి ఒడ్డు వస్తే చాలు, కంగారు పడకండి. ఈదురుగాలిలో కొబ్బరి మట్టలు ఊగితే ఒక ఫోటోలో ఉన్న మట్ట ఇంకో ఫోటోలో ఉండదు, జత కుదరదు. అలాంటి తోటల మీద కాస్త ఎత్తు పెంచి, ఓవర్‌ల్యాప్ పెంచి, గాలి లేని పొద్దున పూట ఎగరేయాలి. ఇంకొకటి, కెమెరాను ఎప్పుడూ నిట్టనిలువుగానే పెట్టి తీస్తే చదునైన నేల కూడా బొమ్మలో గిన్నెలా వంగుతుంది. మధ్యమధ్యలో కెమెరాను కొద్దిగా వంచి కొన్ని ఫోటోలు కలిపితే ఆ వంపు చాలావరకు పోతుంది.

డబ్బు పెట్టి కొనేవాటిలో పిక్స్‌ఫోర్‌డీ, ఆగిసాఫ్ట్ మెటాషేప్ పేరున్నవి. సర్వేయే వృత్తి అయినవాళ్లకు అవి సమయం మిగులుస్తాయి, కొబ్బరి తోటల్లాంటి మొండి చోట్ల కాస్త మెరుగ్గా నెగ్గుకొస్తాయి. మెటాషేప్‌లో తక్కువ ధరకు దొరికే స్టాండర్డ్ ఎడిషన్‌లో జియోరెఫరెన్సింగ్ ఉండదు, ప్రొఫెషనల్ కొనాలి. ఊరి మ్యాప్ గీసుకునే వాలంటీర్‌కి వీటిలో ఏదీ అక్కర్లేదు.

గాలిపటం సంగతి

డ్రోన్ లేనివాళ్లు సంక్రాంతి గాలిపటానికి ఫోన్ కట్టొచ్చా అని అడుగుతుంటారు. కట్టకూడదు, లేవదు. రెండు మీటర్ల పైన వెడల్పున్న డెల్టా గాలిపటం, గట్టి దారం, సముద్రం వైపు నుంచి నిలకడగా వీచే గాలి ఉంటే చిన్న కెమెరాను మోస్తుంది. మాంజా వద్దు, చేయి కోసుకుంటుంది, పిట్టలు చస్తాయి. కెమెరా రెండు మూడు సెకన్లకొక ఫోటో తీసేలా పెట్టి, కిందికి దించాక మసకబారినవి ఏరిపారేయండి. ఫోన్ అయితే లొకేషన్ ఆన్‌లో ఉంచండి, ఫోటోలో జీపీఎస్ పడుతుంది. అన్నట్టు, 2025 దాకా అమల్లో ఉన్న మన 1934 నాటి విమాన చట్టం గాలిపటాన్ని కూడా విమానాల లెక్కలోనే వేసింది. విమానాశ్రయం దగ్గర సరదాలు వద్దు.

గాలిపటం ఫోటోలు ఎత్తులు మారుతూ, పక్కలకు వాలుతూ వస్తాయి. ఓవర్‌ల్యాప్ ఉంటే ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ వీటినీ జీర్ణం చేసుకుంటుంది. ఫోటోలు అక్కడొకటి ఇక్కడొకటిగా ఉంటే మాత్రం మూలలు లాగి అమర్చే పాత పద్ధతే గతి.

నేలకు కట్టేది దేనితో?

అసలు ఎంపిక ఇక్కడుంది. బొమ్మ ఎంత సరిగ్గా కూర్చుంటుందో సాఫ్ట్‌వేర్ తేల్చదు, మీరు దేన్ని ఆనవాలుగా పట్టుకున్నారో అది తేలుస్తుంది.

మొదటి దారి, ఉన్న ఉపగ్రహ చిత్రాన్ని చూసి గుర్తులు పెట్టడం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఎడిటర్లలో వచ్చే బింగ్, ఎస్రీ చిత్రాలను దీనికి వాడుకోవచ్చు. గూగుల్ మ్యాప్స్ చూసి పెట్టడం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పనికి కుదరదు, లైసెన్స్ ఒప్పుకోదు. బింగ్ చిత్రం మీ ఊళ్లో నాలుగు మీటర్లు పక్కకు ఉంటే మీ ఫోటో కూడా నాలుగు మీటర్లు పక్కకే కూర్చుంటుందని తెలిసి వాడండి.

రెండో దారి, డ్రోన్ లేదా ఫోన్ జీపీఎస్. ఆకాశం విప్పారి ఉంటే మూడు నుంచి ఐదు మీటర్ల తేడా. మూడో దారి, నేల మీద గుర్తులు పెట్టి వాటిని ఆర్‌టీకే రోవర్‌తో, అంటే సెంటీమీటర్ల లెక్కలో చోటు చెప్పే జీపీఎస్ పరికరంతో, కొలవడం, తేడా రెండు మూడు సెంటీమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లతో పాటు పొలం గట్ల మీద తిరిగిన పరికరాలు ఈ రోవర్లే. ఇప్పుడు ప్రైవేటు సర్వేయర్ల దగ్గర కూడా కనిపిస్తున్నాయి.

గుర్తులకు షాపులో ఏమీ కొనక్కర్లేదు. ముగ్గుపిండితో ఒక్కో చేయి అర మీటరు ఉండేలా ప్లస్ గుర్తు వేయండి, వంద మీటర్ల ఎత్తు నుంచి ఒక్కో చేయి పద్నాలుగు పిక్సెళ్ల పొడవు కనిపిస్తుంది. కనీసం ఐదు కావాలి, నాలుగు మూలలా, ఒకటి మధ్యలో. అన్నీ ఏటిగట్టు వెంట ఒకే వరుసలో పెడితే బొమ్మ ఆ గట్టును ఇరుసుగా పట్టుకుని ఊగుతుంది. ప్రతి గుర్తూ మూడు ఫోటోల్లోనైనా కనపడాలి.

మరి ఇళ్లు, దారులు గీయడానికి ఆర్‌టీకే కావాలా? నా లెక్కలో అక్కర్లేదు. బొమ్మ మొత్తం ఒకే వైపు మూడు మీటర్లు జరిగి ఉంటే జోసమ్‌లోనో, బ్రౌజర్‌లో నడిచే ఐడీ ఎడిటర్‌లోనో బ్యాక్‌గ్రౌండ్‌ను అంతే వెనక్కి జరిపి పని కానివ్వొచ్చు. మెలి తిరిగిన బొమ్మకు మాత్రం మందు లేదు, ఒకచోట సరిచేస్తే ఇంకోచోట తప్పుతుంది. ఆర్‌టీకే గుర్తులు లేని ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ బొమ్మ ఎక్కువగా మొదటి రకం తప్పు చేస్తుంది. హ్యూగిన్‌లో అతికించి క్యూజీఐఎస్‌లో వంచిన బొమ్మ రెండో రకం తప్పు చేస్తుంది. నేను ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ వైపు మొగ్గడానికి ఇదే పెద్ద కారణం. కాలువ మట్టం, గట్టు ఎత్తు, వరద నీరు ఎటు పారుతుంది లాంటివి కావాలంటే అప్పుడు రోవర్ తప్పదు.

క్యూజీఐఎస్‌లో ఏ ట్రాన్స్‌ఫర్మేషన్?

ట్రాన్స్‌ఫర్మేషన్ అంటే గుర్తులు కలిసేలా బొమ్మను ఎలా జరపాలో, వంచాలో చెప్పే లెక్క. ఒక్క ఫోటోకు ప్రొజెక్టివ్ వాడండి, నాలుగు గుర్తులు చాలు, కెమెరా వాలును అదే సరిచేస్తుంది. ఇప్పటికే ఆర్థోఫోటోగా ఉన్నదాన్ని జరిపి తిప్పడానికి హెల్మర్ట్, రెండు గుర్తులు చాలు. మొదటి డిగ్రీ పాలినోమియల్‌కు మూడు, రెండో దానికి ఆరు, మూడో దానికి పది గుర్తులు కనీసం. మూడో డిగ్రీ జోలికి వెళ్లకండి, గుర్తులు లేని అంచుల్లో బొమ్మ ఎటో ఎగిరిపోతుంది.

థిన్ ప్లేట్ స్ప్లైన్ తీపి మాటల రకం. మీరు పెట్టిన ప్రతి గుర్తు దగ్గరా తేడా సున్నా అని చూపిస్తుంది, ఎందుకంటే బొమ్మను సాగదీసైనా ఆ గుర్తు మీదకు తెచ్చేస్తుంది. ఆ సున్నా చూసి మురిసిపోకండి. రెండు మూడు గుర్తులు లెక్కలో కలపకుండా దాచుకుని, పని అయ్యాక అవి ఎక్కడ పడ్డాయో కొలవండి. నిజమైన తేడా అదే. సాగిపోయిన పాత కాగితం ఫోటోలకు, స్కాన్ చేసిన నక్షలకు మాత్రం ఇది బాగా పనికొస్తుంది.

ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి, అడిగినప్పుడు తెలుగు రాష్ట్రాల్లో చాలావరకు యూటీఎమ్ 44 ఉత్తర జోన్, క్యూజీఐఎస్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644. అయితే 78 డిగ్రీల రేఖాంశానికి పడమర ఉన్న అనంతపురం, ఆదోని, నారాయణపేట, తాండూరు 43వ జోన్‌లోకి వెళ్తాయి. 84 డిగ్రీలు దాటిన పలాస, ఇచ్ఛాపురం 45వ జోన్.

ఎక్కడ పెట్టాలి

పైనుంచి తీసిన చిత్రాలను అందరితో పంచుకునే సైటు ఓపెన్‌ఏరియల్‌మ్యాప్‌లో జియోటిఫ్ ఎక్కిస్తే దాని లింకు ఐడీ ఎడిటర్‌లో, జోసమ్‌లో బ్యాక్‌గ్రౌండ్‌గా తెరుచుకుంటుంది, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీసుకోవడానికి అనుమతి లైసెన్స్‌లోనే ఉంటుంది. టాంజానియాలోని జాంజిబార్ దీవుల్లో అక్కడి విద్యార్థులు డ్రోన్లతో తీసిన చిత్రాలు ఇలాగే అందరికీ అందుబాటులోకి వచ్చాయి. పంచుకోవాలంటే దీన్ని మించింది నాకు కనపడలేదు.

మన దేశంలో రెండు సంగతులు చూసుకోవాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు నానో డ్రోన్లకు, వ్యాపారానికి వాడని రెండు కిలోల లోపు మైక్రో డ్రోన్లకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అయినా ప్రభుత్వ డిజిటల్ స్కై సైటు మ్యాప్‌లో మీ ఊరు గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల చోట) ఉందో లేదో చూసుకునే ఎగరేయాలి. గ్రీన్ జోన్‌లోనూ ఎత్తు 120 మీటర్లు మించకూడదు. అదే ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన జియోస్పేషియల్ మార్గదర్శకాలు అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్ల కంటే కచ్చితమైన మ్యాప్ డేటాను భారతీయ సంస్థలు, పౌరులే తయారుచేయాలని, అది దేశంలోనే నిల్వ ఉండాలని చెబుతున్నాయి. ఆర్‌టీకే గుర్తులతో సెంటీమీటర్ల కచ్చితత్వం తెచ్చుకున్న బొమ్మను విదేశీ సర్వర్‌కు ఎక్కించే ముందు దీన్ని చదవండి.

ఇంకో ఇబ్బంది నిబంధనల్లో లేనిది. మూడున్నర సెంటీమీటర్ల పిక్సెల్‌లో పెరట్లో ఆరేసిన చీరలు, డాబా మీద వడియాలు, నూతి దగ్గర మనుషులు, అన్నీ కనిపిస్తాయి. మా వీధిలో ఇద్దరు ముగ్గురు వద్దన్నారు. అందుకని బొమ్మను ఎక్కడా ఎక్కించలేదు. జోసమ్‌లో జియోటిఫ్‌ను నేరుగా తెరిచే ప్లగిన్ ఉంది, దాంతో నా ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకుని ఇళ్లు, పుంతదారులు, పంటకాలువలు గీశాను. గీతలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కు వెళ్లాయి. ఆర్థోఫోటో మాత్రం అదే పెన్‌డ్రైవ్‌లో, ఎవరిదో పెళ్లి వీడియో పక్కన ఉంది.